వదిన కుంకుమ మీద పడిన నింద

కొన్ని నెలల కిందట, మలేషియాలో మేముండే కెడా రాష్ట్రంలోనే, సుంగై పెటానిలో మా బంధువుల పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర, వరసకు మావయ్య అయ్యే ఒక పెద్దాయన ఆ కథ మళ్లీ మొదలుపెట్టాడు. చేతి తొడుగుల ఫ్యాక్టరీలో పెద్ద కంప్యూటరు ఉందట, మా ఇంటి ఆయుధ పూజ కుంకుమ తగిలి దాని జ్ఞాపకం పోయిందట.

"మనిషికి బొట్టు పెడితే మంచిది. కంప్యూటరుకి పెడితే మర్సిపోతాది లాహ్!" అన్నాడాయన, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ మలయ్ 'లాహ్'తో సహా.

బల్లంతా నవ్వింది. ఎదురు వరుసలో కూర్చున్న మా వదిన కూడా నవ్వింది. తర్వాత ఆకు మడిచి, పాయసం రాకముందే లేచి వెళ్లిపోయింది. పాయసం వదిలేసి మా వదిన లేవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

ఆ కథ తప్పు. దాన్ని పుట్టించినవాణ్ణి నేనే కాబట్టి, అసలు జరిగింది రాయాల్సినవాణ్ణి కూడా నేనే. మా వాళ్లు చాలామంది ఆ కథ విని ఉంటారు. విననివాళ్లకు అర్థమయ్యేలా మొదటినుంచీ చెబుతాను.

మాది చిన్న కొట్టు. కంప్యూటర్లు అమ్మం. ఫ్యాక్టరీల్లో, గిడ్డంగుల్లో చల్లటి గదిలో పెట్టి ఆపకుండా నడిపే సర్వర్లు ఉంటాయే, అవి చెడిపోతే బాగుచేస్తాం, పాతబడితే కొత్త భాగాలు బిగిస్తాం. మా తాతలు ఈ చుట్టుపక్కల తోటల్లో రబ్బరు చెట్లు గీసి పాలు తీశారు. ఇప్పుడు ఆ రబ్బరుతో చేతి తొడుగులు చేసే ఫ్యాక్టరీల్లో సర్వర్లు మేం చూస్తున్నాం. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం.

వదిన అంటే మా అన్న భార్య. పాలిటెక్నిక్ చదివింది. చాలా ఏళ్లు పెనాంగ్ వైపు ఒక కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీలో, పరీక్షల విభాగంలో పనిచేసింది. అక్కడ లైను మూసేశాక ఒకరోజు నా కొట్టుకు వచ్చి, బల్ల మీద తన సంచీ పెట్టి, "ఇకనుంచి ఈ బల్లలో సగం నాది" అంది. నన్ను అడగలేదు, చెప్పింది. మా అన్న ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడు. మా ఇద్దరి గొడవల్లోకి రాడు.

వదినకు తన పని గురించి మొహమాటం లేదు. వచ్చిన కస్టమర్ల ముందే, "ప్రాసెసరు పెట్టడంలో నాలాటోళ్లు ఈ కెడాలో ఇంకొకలు ఉంటే సూపించు" అనేది. చూపించమంటే నేను మాత్రం ఎవరిని చూపిస్తాను? ఆ పరీక్షల విభాగంలో ఆమె నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ఏదైనా లోపం పోయింది అంటే ఆమె ఒప్పుకోదు.

"పోయింది అంటే సాలదు బాబూ. మళ్లీ రప్పించు. మళ్లీ పోగొట్టు. అప్పుడు సెప్పు, కుదిరిందని."

ఈ పద్ధతి నాకు విసుగు. పని అయ్యాక చెడగొట్టి చూడటమేమిటని నా వాదన.

ఇక పూజ సంగతి. ఏటా ఆయుధ పూజ రోజు వదిన కొట్టులో బల్ల కడిగి, ఎర్ర గుడ్డ పరిచి, మా పనిముట్లన్నీ దాని మీద పెట్టేది. ముందు చేయబోయే పనులకు తెప్పించిన కొత్త భాగాలు కూడా పెట్టేది. గంధం, కుంకుమ పెట్టెల మీద పెట్టేది. పైన బంతిపూలు. అలా పెట్టినవి మర్నాడు పొద్దున్న మళ్లీ దీపం వెలిగించి ఆమె తన చేత్తో తీసి ఇచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఇది మా తాతలనాటి అలవాటో, చుట్టూ ఉన్న తమిళుల ఇళ్లలోంచి వచ్చిందో నాకు తెలియదు. మా ఇంట్లో ఇలాంటివి విడదీసి చెప్పడం ఎప్పుడో మానేశాం.

ఆమె ఆ గుడ్డ మీద సామాను ఒక వరుసలో పెట్టేది. నేను దాన్ని అలంకారం అనుకునేవాణ్ణి.

ఆ ఏడాది కులీం వైపు ఒక చేతి తొడుగుల ఫ్యాక్టరీలో సర్వర్‌కు కొత్త ప్రాసెసర్లు పెట్టే పని వచ్చింది. మదర్‌బోర్డు పాతదే ఉంచి ప్రాసెసర్లు మాత్రం తర్వాతి తరానివి పెట్టవచ్చని, కొత్త సర్వర్ కొనక్కర్లేదని వాళ్లకు సలహా ఇచ్చింది నేను. ఆ బోర్డు మీద రెండు ప్రాసెసర్లు ఉంటాయి. ఒక్కొక్కదానికి పక్కనే దాని ర్యామ్ స్టిక్కులు, అంటే మెమరీ.

కొత్త ప్రాసెసర్ పాత సాకెట్‌లో కూర్చున్నంత మాత్రాన బోర్డు దాన్ని గుర్తుపట్టదు. బోర్డులోని చిప్‌సెట్‌ను నడిపే లోపలి ప్రోగ్రామ్, అంటే బయోస్‌కు కొత్తదాని సంగతి ముందే తెలియాలి. అందుకని పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ మార్చాలి. కొత్తది పెట్టాక మార్చుదామంటే తెరే వెలగదు. ఈ పని వదిన ముందు వారమే వెళ్లి చేసి వచ్చింది.

"ముందు ఇంట్లోవోళ్లకి సెప్పి, ఆ తర్వాత సుట్టాన్ని తేవాల. లేపోతే గుమ్మంలోనే నిలబెట్టేస్తారు" అంది ఆ రోజు, నాకు పాఠం చెబుతున్నట్టు.

ప్రాసెసర్లు వచ్చిన మర్నాడే ఆయుధ పూజ. వదిన వాటిని గుడ్డ మీద పెట్టి, పూజ ముగించి, హారతి ఇస్తుండగా ఫ్యాక్టరీ ఇంజనీరు ఫోన్ చేశాడు. ఆయన మలయ్ మనిషి, నా వయసువాడే, మర్యాదస్తుడు. బాయిలర్ మరమ్మతు కోసం ఆ రోజు లైను ఆపామని, వీలైతే అప్పుడే రమ్మని అడిగాడు.

"వదినా, ఇయాలే రమ్మంతన్నారు. ప్రాసెసర్లు పట్టుకెల్తన్నాను" అన్నాను.

"ఇప్పుడే కదా పెట్టినాను. రేపొద్దున్న నానే తీసి ఇస్తాను. ముట్టుకోకు."

"అప్పటిదాకా దేవుడు లైను ఆపి ఉంచుతాడేటి?"

"దేవుణ్ణెందుకు లాగుతావు? నాను సెప్పినాను, సాలదా?"

నేను పూలు పక్కకు జరిపి, ప్రాసెసర్ల పెట్టెలు రెండూ తీసుకుని బయల్దేరాను. జరిపిన పూల కింద ఏముందో చూడలేదు.

ఫ్యాక్టరీలో పని చకచకా సాగింది. ప్రాసెసర్ నేరుగా బోర్డు మీద కూర్చోదు. దాన్ని ఒక పలచని ప్లాస్టిక్ క్లిప్పులో ఇరికించి, ఆ క్లిప్పును హీట్‌సింక్ అనే బరువైన లోహపు దిమ్మకు తగిలించి, మొత్తాన్ని సాకెట్ మీద పెట్టి స్క్రూలు బిగిస్తాం. పాత ప్రాసెసర్లను క్లిప్పుల్లోంచి ఊడదీసి కొత్తవి ఇరికించాను. టిక్కుమని కూర్చున్నాయి. స్విచ్ వేశాను. తెర వెలిగింది. బోర్డు కొత్త ప్రాసెసర్లను పేరుతో సహా గుర్తుపట్టింది. కానీ మెమరీ తక్కువ చూపించింది. రెండో ప్రాసెసర్ పక్కనున్న స్టిక్కుల్లో రెండు కనబడటం లేదు.

ఆ రెండూ తీసి వేరే స్లాట్లలో పెట్టాను. అక్కడ కనబడ్డాయి. బాగున్నవాటిని తెచ్చి ఇక్కడ పెట్టాను. ఇక్కడ కనబడలేదు. అంటే స్టిక్కులు మంచివే.

"ఈ బోర్డుకు కొత్త ప్రాసెసర్ సరిపడదేమో?" అన్నాడు ఇంజనీరు మలయ్‌లో, మెల్లగా.

సరిపడుతుందని చెప్పింది నేనే కదా. హీట్‌సింక్ విప్పి, టార్చి వేసి చూశాను. కనబడని ఆ రెండు స్లాట్లలో ఒకదాని చివర, ప్లాస్టిక్ మీద, ఎర్రగా చిన్న మరక. కుంకుమ. అమ్మయ్య అనిపించింది. దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి తుడిచి, అంతా మళ్లీ బిగించి స్విచ్ వేశాను. మెమరీ పూర్తిగా కనబడింది.

"ఏం చేశావు?" అన్నాడు ఇంజనీరు.

"ఇంట్లో పూజ చేశారు. మా వదిన పెట్టిన కుంకుమ లోపల పడింది" అన్నాను.

నవ్వుతూ చెప్పాను. అక్కడున్న వాళ్లందరూ నవ్వారు. వాళ్ల టెక్నీషియన్లలో ఒకతను మా తెలుగువాడే. ఎర్రటి దూదిపుల్లను ఫోటో తీసి, మా వాళ్లందరూ ఉండే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నేను కొట్టుకు చేరేసరికి ఆ ఫోటో నాకంటే ముందే చేరింది. కొట్టులో ఇద్దరు ముగ్గురు మనుషులున్నారు. వాళ్ల ముందే మాట మొదలైంది.

"నీ కుంకుమే వదినా" అన్నాను.

"నాను పెట్టె మీద పెట్టినాను. పెట్టె లోపల ప్రాసెసరుకి మూత ఉంది. కుంకుమ ఎలాగ దూరతాది?"

"దూరింది మరి. తుడిసినాను, మెమరీ వచ్చేసింది."

"తుడిసినప్పుడు ఇంకేటి సేసినావు?"

"ఇంకేటీ లేదు."

"హీట్‌సింకు ఇప్పినావా? మళ్లీ బిగించినావా?"

"బిగించకుండా ఎలా నడుస్తాది?"

"అయితే నువ్వు రెండు పన్లు సేసినావు. ఒకటే సెప్తన్నావు."

నేను ఫోన్ తీసి, "ఇదిగో ఫోటో" అన్నాను. ఉన్నవాళ్లు మళ్లీ నవ్వారు. వదిన వెనక గదిలోకి వెళ్లి, ఏదో పాత మిషను విప్పుకుంటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న ఆమె దీపం వెలిగించి, గుడ్డ మీది పూలు తీస్తుంటే నా ఫోన్ మోగింది. రాత్రంతా నడిచిన సర్వర్‌ను పొద్దున్న ఆపి మళ్లీ వేస్తే ఆ రెండు స్టిక్కులూ మళ్లీ మాయమయ్యాయని ఇంజనీరు చెప్పాడు. ఫోన్ పెట్టేసి తలెత్తితే, వదిన చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్ పొట్లం ఉంది. పూల కిందనుంచి తీసింది.

"ఇవి పెట్టలేదా?" అంది.

"ఏటవి?"

"కొత్త ప్రాసెసర్ల క్లిప్పులు."

"పాతవాటిలోనే కూకున్నాయి కదా?"

ఆమె తిట్టలేదు, నవ్వలేదు. పొట్లం సంచీలో పెట్టుకుని, "పద" అంది.

ఫ్యాక్టరీలో ఆమె నేరుగా క్లిప్పుల జోలికి వెళ్లలేదు. "ముందు నా పని నన్ను సూసుకోనీ" అని, తాను వేసిన బయోస్ వివరాలు తెర మీద తెరిచి, బోర్డు తయారుచేసినవాళ్లు ఈ ప్రాసెసర్‌కు చెప్పినది అదేనా కాదా అని చూసుకుంది. అదే. అప్పుడు గట్టిగా ఊపిరి వదిలింది. తప్పు తన వైపు ఉందేమోనని దారి పొడవునా భయపడిందని అప్పుడు నాకు అర్థమైంది. ముందురోజు నేనైతే నా పని వైపు చూడనైనా చూడలేదు.

తర్వాత రెండో ప్రాసెసర్ విప్పి, పాత క్లిప్పునూ కొత్త క్లిప్పునూ పక్కపక్కన పెట్టింది. రెండూ ఒకేలా ఉన్నాయి. వేలితో అంచు తడిమితే తేడా తెలిసింది. పాత క్లిప్పులో కొత్త ప్రాసెసర్ ఒక పక్క వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చుంటోంది. ప్రాసెసర్ అడుగున సాకెట్లోని వేల చిన్నచిన్న ముళ్లు తగలాలి. ఒక పక్క లేస్తే ఆ మూల ముళ్లు తగిలీ తగలనట్టుంటాయి. ఆ రెండు స్టిక్కులకు వెళ్లే దారి ఆ మూలలోనే ఉంది. ముందురోజు నేను విప్పి బిగించినప్పుడు అదృష్టవశాత్తూ తగిలాయి. వేడెక్కి చల్లారేసరికి వదిలేశాయి.

కొత్త క్లిప్పులు వేసి, హీట్‌సింక్ మీద ముద్రించిన వరుసలోనే స్క్రూలు బిగించింది. మెమరీ అంతా వచ్చింది. ఇంజనీరు చప్పట్లు కొట్టాడు.

"ఉండండి" అని, వదిన మళ్లీ విప్పింది.

"కాక్! ఎందుకు? పనిచేస్తోంది కదా!" అన్నాడాయన కంగారుగా. అక్కను మలయ్‌లో అలా పిలుస్తారు.

"ఇంకా పని అవలేదు" అంది ఆమె మలయ్‌లోనే. పాత క్లిప్పు వేసింది. సర్వర్‌ను కాసేపు వేడెక్కనిచ్చి, ఆపి, చల్లారాక మళ్లీ స్విచ్ వేసింది. రెండు స్టిక్కులు మాయం. తిరిగి కొత్త క్లిప్పు వేసింది. అన్నీ వచ్చాయి. అప్పుడు సర్వర్ ఆపి, తన సంచీలోంచి కుంకుమ పొట్లం తీసింది. ముందురోజు నేను మరక చూసిన చోటే, ఆ స్లాట్ చివర ప్లాస్టిక్ మీద, వేలి కొసతో చిన్న బొట్టు పెట్టింది.

"ఇప్పుడు స్విచ్ ఎయ్యి" అంది నాతో.

వేశాను. మెమరీ అంతా అలాగే ఉంది. ఒక్క స్టిక్కు కూడా తగ్గలేదు. ఆమె ఆపి, ఆ బొట్టును తానే శుభ్రంగా తుడిచేసింది. తర్వాత నా కుడిచేతిని పట్టుకుని తిప్పి చూసింది. గోరు సందున ఇంకా ఎర్రగా ఉంది. పూలు జరిపినప్పుడు నా వేలికి అంటుకున్నదే అక్కడికి చేరింది.

ఇంజనీరు నా వైపు తిరిగి, "ఈ కాక్ ఎవరు?" అన్నాడు.

"మా వదిన. కొట్టులో సగం ఆమెదే" అన్నాను. ఈ మాట అంతకుముందు ఎన్నోసార్లు వేళాకోళంగా అన్నాను. ఆ రోజు గర్వంగా అన్నాను. ఇన్నేళ్ల మా పనిలో అంత శుభ్రమైన పరీక్ష ఇంకొకటి నేను చూడలేదు. చూసినవాళ్లకు సందేహమనేది మిగల్లేదు.

తిరిగి వస్తుంటే ఆమె ఒక్కటే అడిగింది. "ఆ ఫోటో సూసినోళ్లకి కూడా సెప్పు బాబూ."

"సెప్తాను" అన్నాను.

చెప్పలేదు. కుంకుమ కథ అప్పటికే పక్క రాష్ట్రంలో ఉన్న ఇపో దాకా వెళ్లిపోయింది. ప్లాస్టిక్ క్లిప్పు గురించి ఎవరు వింటారు అనుకున్నాను. అది పైకి అనుకున్న కారణం. క్లిప్పు కథ చెబితే అది నా దగ్గరకొచ్చి ఆగుతుంది, కుంకుమ కథ ఆమె దగ్గర ఆగుతుంది. అసలు కారణం ఇదే. ఎక్కడికి వెళ్లినా ఆమెను చూసి, "ఏటి, ఈ ఏడు ఏ మిషనుకి బొట్టు?" అని నవ్వేవాళ్లు. తన పని గురించి అంత గొప్పగా చెప్పుకునే మనిషి, మా వాళ్ల మధ్య పని మాట ఎత్తడం మానేసింది.

మరుసటి ఏడు ఆయుధ పూజకు వదిన కొట్టులో ఒక దీపం పెట్టి ఊరుకుంది. గుడ్డ పరచలేదు. సామాను పెట్టెల్లోనే ఉంది. ఆ తర్వాత పనుల్లో నేను స్క్రూల పొట్లం మరచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చాను. ఇంకోసారి కేబుల్ లేకుండా వెళ్లాను. అప్పుడు తెలిసింది, ఆ గుడ్డ మీద ఆమె సామాను పెట్టేది బిగించాల్సిన వరుసలో అని. ఎడమనుంచి కుడికి, ముందు కావాల్సింది ముందు. మర్నాడు పొద్దున్న అదే వరుసలో చేతికిచ్చేది. పరీక్షల విభాగంలో నేర్చిన పద్ధతిని పూజలో కలిపేసింది. ఆ వరుసలోంచి నేను రెండు పెట్టెలు లాక్కుని వెళ్లాను. వాటికి ముందుండాల్సినవి పూల కింద ఉండిపోయాయి.

పెళ్లిలో ఆమె పాయసం వదిలేసి వెళ్లిన రోజున నేను లేచి ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

"మావయ్యా, అది కుంకుమ కాదు. నాను ఎయ్యాల్సిన క్లిప్పు ఎయ్యలేదు. ఆ ఫోటోలో కుంకుమ నా ఏలిది. వదినే వచ్చి బాగుసేసింది" అన్నాను, బల్లంతా వినేలా.

"ఓరోరి, నీ కథకన్నా నా కథే బాగుంది లాహ్" అన్నాడాయన. మళ్లీ నవ్వులు. పక్కనున్న ఒక ముసలామె మాత్రం నవ్వలేదు.

"అయితే ఇన్నాళ్లూ ఆ పిల్లని ఊరికే అన్నామేటి?" అంది.

"ఊరికే అన్నాం" అన్నాను.

పెద్దాయన నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టాడు. ఆ తర్వాత ఆయన నోట ఆ కథ నేను వినలేదు. ఆ రాత్రే ఇదంతా ఆ వాట్సాప్ గ్రూపులో కూడా రాశాను.

ఈ ఏడు అదే ఫ్యాక్టరీ వాళ్లు ఇంకో సర్వర్‌కు కొత్త ప్రాసెసర్లు తెప్పించారు. పండగ దగ్గర పడుతుండగా వదినను అడిగాను.

"కొట్లో పూజ పెట్టవా?"

"కుంకుమ పడితే?"

"పడనీ."

"ఫోటోలు తీస్తారు బాబూ."

"ఈసారి నీ ఫోటో తీస్తాను. క్లిప్పు అట్టుకుని నిలబడు."

"సాల్లే, పో" అంది. పెడతాననలేదు, పెట్టననలేదు.

పండగ రోజు బల్ల నేనే కడిగి, సామానంతా దగ్గర పెట్టి, బయట పని ఉందని వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి ఎర్ర గుడ్డ పరిచి ఉంది. బంతిపూల వాసన వీధిలోకి వస్తోంది. సాయంత్రం ఇంజనీరు ఫోన్ చేసి, ఇప్పుడు రాగలవా అని అడిగాడు.

"రేపు. మా కాక్ చేతికిచ్చాక" అన్నాను.

"అయితే కాక్ ఇచ్చాకే రా" అన్నాడాయన.

పొద్దున్న వదిన దీపం వెలిగించి, పూలు తీసి, ఎడమ చివరనుంచి మొదలుపెట్టింది. మొదట చేతికి అందించింది క్లిప్పుల పొట్లం. దాని మీద కుంకుమ బొట్టు, కావాల్సినదానికన్నా బాగా పెద్దది.

"ముందు ఇది" అంది.

"తెలుసు వదినా."

"తెలుస్తే సాలదు. అట్టుకో."

రెండు చేతులూ చాపి పట్టుకున్నాను.